కారు లోపలి దీపము



మార్కాపురమునుండి గాని గిద్దలూరునుండి గాని రాత్రివేళ కారులో ప్రయాణము చేసిన పెద్దలకు, ఆ కారు పైకప్పునకు అమర్చిన చిన్న దీపము ఎంత యుపకారియో వేఱుగ చెప్పనక్కఱలేదు. తలుపు తెఱచినంతనే నేల కనబడవలెను. చేతికఱ్ఱ యెచట నున్నదో, మందుల సంచి యెక్కడ జారినదో తెలియవలెను. మన రాతినేలమీద చీకటిలో అడుగు తప్పినచో తుంటి యెముకకే ముప్పు. అయినను కారు గలవారు టైర్లకు గాలి కొట్టింతురు, ముందు దీపములను తుడిపింతురు గాని, లోపలి దీపము వెలుగకున్న నెలల తరబడి యుపేక్షింతురు. దీనిని ఇంటివద్దనే చక్కపెట్టుకొనవచ్చును.

కారు బ్యాటరీ 12 వోల్టులది. అందుండి విద్యుత్తు ఫ్యూజు మీదుగా దీపమునకు వచ్చును. తిరిగిపోవుటకు కారుయొక్క ఇనుప శరీరమే దారి. పాతరకపు కార్లలో తలుపు చట్టమునందు రబ్బరు తొడుగుగల చిన్న బొత్తాము వంటి స్విచ్చి యుండును. తలుపు మూసినప్పుడది నొక్కుకొని దారిని తెంచును, తెఱచినప్పుడు బయటికి వచ్చి దారిని కలుపును. క్రొత్త కార్లలో నీ స్విచ్చి తలుపు గడియలోనే దాగియుండును గావున దాని జోలికి పోరాదు.

దీపము వెలుగనప్పుడు మొట్టమొదట దాని ప్రక్కనున్న మీటను చూడవలెను. అనేక కార్లలో దానికి మూడు స్థానములు గలవు: ఎల్లప్పుడు వెలుగుట, తలుపు తెఱచినప్పుడే వెలుగుట, అసలు వెలుగకుండుట. మనుమలు వెనుకసీటులో ఆడుకొనుచు దానిని జరిపి పోవుదురు, పెద్దలు మెకానిక్కు నొద్దకు పరుగెత్తుదురు! మీటను మొదటి స్థానమున నుంచినచో దీపము వెలిగినదా, బల్బును ఫ్యూజును బాగున్నవి, దోషము తలుపు స్విచ్చియందున్నది. పలకరాతి గనుల ధూళి పట్టు మన ప్రాంతమున ఆ స్విచ్చి మొన మట్టితోను త్రుప్పుతోను మూసికొనిపోవుట వింత కాదు. దాని మరను విప్పి, గరుకు కాగితముతో మొనను, మర కూర్చుండు చోటును రుద్ది, తిరిగి బిగించిన చాలును.

అప్పటికిని వెలుగకున్న బల్బును చూడుడు. గుడ్డ చుట్టిన స్క్రూడ్రైవరుతో ప్లాస్టికు మూతను మెల్లగ లేపవలెను. లోపల రెండు కొసలకు లోహపు టోపీలుగల గాజుగొట్టము తఱచుగ నుండును. అందలి సన్నని తీగ తెగినను, గాజు నల్లబడినను బల్బు పోయినదే. బల్బు బాగున్నచో ఫ్యూజు వంతు. ఏ ఫ్యూజు దేనికో పెట్టె మూతమీద గీసి యుండును. ఎఱ్ఱనిది 10 ఆంపియర్లు, నీలిది 15 ఆంపియర్లు.

ఇచ్చట నేనొక మాట గట్టిగ చెప్పవలెను. మా బంధువుల కారొకదానిలో మాటిమాటికి ఫ్యూజు పోవుచుండగా, ఎవరో దాని స్థానమున రాగితీగ చుట్టి పంపిరి. దీపము చక్కగనే వెలిగెను. కొన్నాళ్లకు పైకప్పు గుడ్డ వెనుక పొగ పుట్టెను. సకాలమున బ్యాటరీ తీగను ఊడదీయుటచే కారు దక్కెను, అందలి మనుష్యులును దక్కిరి. ఎచటనో తీగ ఒరసి ఇనుమునకు తగులుచుండెను. బ్యాటరీ అట్టివేళ వందల ఆంపియర్లు పంపగలదు. ఫ్యూజు తాను కాలి తీగను కాపాడును. అది కాలుటకు వీలులేకుండ చేసినచో కాలునది కారే. కావున ఫ్యూజు పోయిన అదే అంకెగలదానిని వేయుడు. మరల పోయినచో తీగను వెదకింపుడు.

ఇక క్రొత్త దీపమును గూర్చి. పాత బల్బు తీసికొను శక్తిలో అధికభాగము వేడిగ వ్యర్థమగును. 10 వాట్ల బల్బు ఆంపియరులో ఐదింట నాలుగు పాళ్లు లాగును. తలుపు సరిగ పడక రాత్రి 10 గంటలు వెలిగినచో 8 ఆంపియర్-గంటలు పోవును. 35 ఆంపియర్-గంటల చిన్న బ్యాటరీ, అందునను పాతది, తెల్లవారి ఇంజనును త్రిప్పలేకపోవచ్చును. ఒక వాటు ఎల్.ఇ.డి. దీపమైనచో అందు పదవవంతే ఖర్చగును. నీలివెలుగు ఎల్.ఇ.డి.ని సాధించిన జపాను దేశమున జన్మించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమాన మిచ్చిరి. నేటి తెల్లని ఎల్.ఇ.డి. దీపములు చాలవఱకు దానినుండి పుట్టినవే.

కొనునప్పుడు పాత బల్బును వెంట తీసికొనిపోయి పొడవు సరిచూడుడు, 31 మిల్లీమీటర్ల చోట 36 ఇమడదు. అమర్చిన పిమ్మట వెలుగకున్న తిరుగవేసి చూడుడు, దీనికి ధన ఋణ భేదము గలదు. నీలిఛాయ తెలుపుకంటె పసుపుఛాయయే పెద్దల కంటికి హితమని నా యభిప్రాయము. రంగురంగుల దీపపుపట్టీల కొఱకు చేతికందిన తీగను కోయరాదు. పసుపుపచ్చని తొడుగుగల తీగలు ప్రమాదమున ప్రాణము కాపాడు గాలిసంచులవి, వానిని ముట్టనే రాదు.

కారు నడచునప్పుడు ఈ దీపమును ఆర్పియుంచుడు. లోపలి వెలుగు అద్దముమీద ప్రతిఫలించి బయటి త్రోవను మఱుగుపఱచును. చీకటికి కన్ను పూర్తిగ అలవడుటకు దాదాపు అరగంట పట్టును. గిద్దలూరునుండి దిగువమెట్ట దాటి నల్లమలలో నంద్యాల దారి పట్టినవారికి ఆ మలుపులలో అంత వ్యవధి దొరకదు.

పని మొదలిడకమునుపు బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పుట మఱువకుడు. పని ముగిసి తీగను బిగించిన పిమ్మట, తలుపు తెఱచియుంచి స్విచ్చిని వ్రేలితో నొక్కి, దీపము ఆరుచున్నదేమో చూచుకొనుడు. క్రొత్త కార్లలో కొన్నిట నది వెంటనే ఆరక, కొన్ని క్షణములు నిలిచి మెల్లగ మలుగును.