మద్రాసు చిత్రహింసల విచారణ సంఘం

మద్రాసు చిత్రహింసల విచారణ సంఘం 1854లో మద్రాసు ప్రభుత్వం నియమించిన ముగ్గురు సభ్యుల సంఘం. భూమిశిస్తు వసూలుకూ, నేరం ఒప్పించడానికీ ప్రభుత్వోద్యోగులు ప్రజలను హింసిస్తున్నారన్న ఆరోపణలపై విచారణ జరిపి, 1855 ఏప్రిల్‌లో నివేదిక సమర్పించింది. ఇ.ఎఫ్. ఇలియట్, హెచ్. స్టోక్స్, న్యాయవాది జాన్ బ్రూస్ నార్టన్ ఇందులో సభ్యులు.

నేపథ్యం

రైత్వారీ పద్ధతిలో రైతు తన శిస్తును నేరుగా సర్కారుకు చెల్లించాలి. దానిని వసూలు చేయించే తహసీలుదారే 1816 నుండి తాలూకా పోలీసు అధికారి కూడా. బాకీదారును పట్టి తెచ్చేది అతని బంట్రోతులు. వారు కొట్టారని రైతు మొరపెట్టుకోవలసినదీ అతనికే. ఈ ఒక్క ఏర్పాటును గ్రహిస్తే తక్కిన విషయం చాలావరకు బోధపడుతుంది.

మద్రాసులోని తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించి, ప్రజల కష్టాలను బ్రిటిష్ పార్లమెంటుకు విన్నవించాడు. 1853లో వచ్చిన పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్‌ను వెంటబెట్టుకొని కొన్ని జిల్లాలు తిరిగాడు. 1854 జూలైలో కామన్స్ సభలో జరిగిన చర్చ ఈ సంఘ నియామకానికి దారితీసింది.

హింసా సాధనాలు

చిత్రహింస అనగానే ఐరోపా కోటలలోని ఇనుప యంత్రాలు స్ఫురిస్తాయి. మద్రాసు రాజధానిలో వాడినవి అంతకంటె ఎంతో సామాన్యమైనవి. వాటిలో ముఖ్యమైనది కిట్టి. తెలుగులో దీనిని చీరాట అంటారని నివేదిక పేర్కొన్నది. ఒక కొసన కలిపి కట్టిన రెండు కర్రల నడుమ చేతి వ్రేళ్ళను పెట్టి, నిమ్మకాయ పిండినట్లు నొక్కేవారు. కర్రలు లేకపోయినా పని ఆగేది కాదు. బాధితుని వ్రేళ్ళను ఒకదానిలో ఒకటి జొనిపించి బంట్రోతులు చేతులతోనే నలిపేవారు. పట్టు జారకుండా ఇసుక చల్లుకొనేవారు.

రెండవది అనుందాల్. మనిషిని వంచి, మెడ మీదుగా కాలివ్రేళ్ళ క్రిందికి త్రాడు బిగించి కట్టివేయడం. ఆ త్రాడు తరచు అతని పైబట్టే. వీపుపై బరువైన రాయి ఎత్తడం, ఎండలో నిలబెట్టడం, కళ్ళలో కారం కొట్టడం వంటివి వీటికి తోడు. నొప్పి తీవ్రమైనా గాయం పెద్దగా కనబడకపోవడం వలన సాక్ష్యం మిగిలేది కాదు.

విచారణ

సాక్ష్యం లేని ఇటువంటి హింస బాధితుల నోటనే వెలుగులోకి వచ్చింది. సంఘానికి మొత్తం 1959 ఫిర్యాదులు అందాయి. వారిలో 519 మంది స్వయంగా హాజరయ్యారు; తక్కిన 1440 ఉత్తరాల ద్వారా వచ్చాయి. ప్రయాణపు ఖర్చుకూ, తిరిగి వెళ్ళాక ఎదురయ్యే కక్షకూ వెరచి ఊరకున్నవారు ఎందరో ఊహించవలసిందే.

శిస్తు వసూలులోను, పోలీసు పనిలోను హింస వాడుకలో ఉన్నదని సంఘం అంగీకరించింది. అయితే నిందను దేశీయ ఉద్యోగులపై మోపి, ఐరోపా అధికారులు దీనిని సహించలేదని వారిని దాదాపుగా విముక్తులను చేసింది. ఈ భాగం అంత నమ్మదగినది కాదు. శిస్తు మొత్తాన్ని నిర్ణయించినదీ, గడువులోగా కావాలన్నదీ ఆ అధికారులే కదా!

పర్యవసానం

1859లో 24వ చట్టంతో మద్రాసు పోలీసు శాఖ రెవెన్యూ నుండి వేరుపడింది. 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, తరువాత 1872 సాక్ష్య చట్టం పోలీసుల ఎదుట ఒప్పుకొన్న నేరాన్ని రుజువుగా పనికిరాదన్నాయి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 330వ సెక్షన్, బలవంతపు ఒప్పుకోలు కోసం గాయపరచడాన్ని శిక్షార్హం చేసింది. దానికి ఇచ్చిన ఉదాహరణలలో, శిస్తు బకాయి కోసం ఒకనిని హింసించే రెవెన్యూ అధికారి కూడా ఉన్నాడు. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చేవరకు ఆ సెక్షన్ కొనసాగింది.