తలుపు తీసిన చట్టమే వరుస పెట్టింది

అమెరికాలో పనిచేసే భారతీయ ఇంజనీరు గ్రీన్‌కార్డు (శాశ్వత నివాస హక్కు) కోసం పదేళ్లకు పైగా ఎదురుచూడటం ఇవాళ మామూలైపోయింది. అదే కంపెనీలో అదే పని చేస్తున్న ఫ్రాన్స్ దేశస్థుడికి అంతకాలం పట్టదు. చాలామంది దీన్ని వివక్ష అంటారు. విచిత్రమేమిటంటే, ఈ తేడా వివక్షను పోగొట్టడానికి పెట్టిన నియమంలోంచే పుట్టింది. దాని మూలం 1965 నాటి వలస చట్టంలో ఉంది. మన డాక్టర్లకూ ఇంజనీర్లకూ అమెరికా తలుపు తీసిందీ ఆ చట్టమే.

ముందు అంతకు పూర్వం సంగతి చూద్దాం. అమెరికా తొలి పౌరసత్వ చట్టం 1790లో వచ్చింది. బయటి నుంచి వచ్చినవాళ్లలో శ్వేతజాతీయులే పౌరులు కావచ్చని అందులో రాశారు. అంతర్యుద్ధం ముగిశాక, 1870లో ఆఫ్రికా సంతతివారిని చేర్చారు. ఆసియావాళ్లు ఈ రెండింట్లో దేనికిందికీ రారు. 1882లో చైనా కూలీల రాకను నిషేధించారు. 1917లో ఇండియాతో సహా ఆసియాలో చాలా భాగాన్ని నిషిద్ధ మండలంగా ప్రకటించారు.

అప్పటికే అక్కడ స్థిరపడ్డ భారతీయుల సంగతిని సుప్రీంకోర్టు 1923లో తేల్చింది. భగత్‌సింగ్ థింద్ పంజాబీ సిక్కు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో చేరాడు. ఆనాటి మానవశాస్త్రవేత్తల లెక్క ప్రకారం ఉత్తర భారతీయులు కకేషియన్లే కాబట్టి తానూ పౌరసత్వానికి అర్హుడినేనని వాదించాడు. అంతకు మూడు నెలల ముందే ఒక జపాన్ దేశస్థుడి కేసులో అదే కోర్టు, శ్వేతజాతీయుడంటే కకేషియన్ అని చెప్పి ఉంది. థింద్ వంతు వచ్చేసరికి కొలత మారిపోయింది. శాస్త్రం ఏమన్నా సరే, మామూలు మనిషి ఎవరిని తెల్లవాడనుకుంటాడో అతనే తెల్లవాడని తీర్పు చెప్పారు. రెండు తీర్పులూ రాసిన న్యాయమూర్తి ఒక్కరే, జార్జ్ సదర్లాండ్. ఆయన పుట్టింది ఇంగ్లండులో. అంటే ఆయనా వలస వచ్చినవారే. ఈ తీర్పు తర్వాత, అప్పటికే పౌరులైన కొందరు భారతీయుల పౌరసత్వం కూడా రద్దు చేశారు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరింది ఆ రోజుల్లోనే. చదువుకోవచ్చు, పరిశోధన చేయవచ్చు, పౌరుడు మాత్రం కాకూడదు. కండరాలకు శక్తి ఎక్కడినుంచి వస్తుందో తేల్చిన పరిశోధనలోనూ, ఫోలిక్ ఆమ్లం తయారీలోనూ పేరు తెచ్చుకున్న ఆ శాస్త్రవేత్త 1948లో పౌరుడు కాకుండానే కన్నుమూశారు. చట్టం అంతకు రెండేళ్ల ముందే, 1946లో మారింది. భారతీయులకు పౌరసత్వ అర్హత వచ్చింది. దాంతోపాటు ఏడాదికి 100 మంది వలస రావచ్చన్నారు. సుమారు నలభై కోట్ల మంది ఉన్న దేశానికి వంద!

ఆ వంద 1924 చట్టం పెట్టిన పద్ధతిలోనిది. ఆ చట్టం ఒక్కో దేశానికి ఒక్కో కోటా (ముందే కేటాయించిన సంఖ్య) కట్టింది. 1890 జనగణన నాటికి అమెరికాలో ఒక దేశంవాళ్లు ఎందరున్నారో చూసి, అందులో రెండు శాతం మందిని ఏటా రానిచ్చారు. 1890నే ఎందుకు ఎంచుకున్నారు? ఇటలీ, పోలండ్, రష్యాల నుంచి కాథలిక్కులు, యూదులు పెద్ద ఎత్తున వచ్చింది ఆ తర్వాతే. వాళ్ల రాకకు ముందున్న అమెరికాను అలాగే నిలబెట్టాలన్నది ఉద్దేశం. తర్వాత లెక్క కట్టే తీరు కాస్త మారినా ఉద్దేశం మారలేదు. 1960ల మొదట్లో బ్రిటన్ కోటా 65 వేలకు పైనే. ఇటలీది ఆరు వేల లోపు. బ్రిటన్ కోటా ఏటా మిగిలిపోయేది, ఇటలీవాళ్లు ఏళ్లకేళ్లు కాచుకునేవాళ్లు.

1965లోనే ఈ పద్ధతి ఎందుకు కూలింది? రెండు ఒత్తిళ్లు కలిశాయి. ఒకటి బయటిది. కొత్తగా స్వతంత్రమైన ఆసియా, ఆఫ్రికా దేశాల మద్దతు కోసం సోవియట్ యూనియన్‌తో పోటీ పడుతున్న అమెరికాకు, ఆ దేశాల మనుషులను పుట్టుక చూసి ఆపే చట్టం పెద్ద ఇబ్బందిగా తయారైంది. రెండోది లోపలిది. నల్లజాతివారి పోరాటం వల్ల 1964లో పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చాయి. ఇంట్లో జాతిభేదం తప్పని ఒప్పుకున్న కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) గుమ్మం దగ్గర దాన్ని సమర్థించడం కష్టమైంది. పైగా 1964 ఎన్నికల్లో డెమొక్రాట్లకు భారీ మెజారిటీ దక్కింది. బిల్లు తెచ్చినవారిలో ఒకరైన ఇమాన్యుయెల్ సెల్లర్ 1924 చట్టాన్ని కొత్త సభ్యుడిగా వ్యతిరేకించినవారు. నలభై ఏళ్లు సభలోనే ఉండి దాన్ని తీసేయించారు. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1965 అక్టోబరు 3న స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర కొత్త చట్టంపై సంతకం చేశారు. ఇదేమంత విప్లవాత్మకం కాదని ఆ కార్యక్రమంలోనే చెప్పారు.

ఆయన ఆ మాట మొహమాటానికి అనలేదు, నిజంగానే అలా అనుకున్నారు. అందుకు కారణం చట్టం నిర్మాణంలో ఉంది. పశ్చిమార్ధగోళం (ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాలు) మినహా మిగతా ప్రపంచానికి ఏడాదికి 1,70,000 వీసాలు. ఏ దేశానికైనా గరిష్ఠంగా 20,000. పౌరుల భార్యాభర్తలు, మైనరు పిల్లలు, తల్లిదండ్రులు ఈ లెక్కలోకి రారు. మొదటి ముసాయిదాలో సగం వీసాలు నైపుణ్యం ఉన్నవాళ్లకు ఉండేవి. ఒహాయో సభ్యుడు మైకేల్ ఫీగన్ పట్టుబట్టి దాన్ని తిరగేయించారు. చివరికి 74 శాతం బంధువులకు పోయింది. నిపుణులకు 10, ఇతర పనివాళ్లకు 10, మిగిలిన ఆరు శరణార్థులకు. ఫీగన్ లెక్క సులువైనదే: అమెరికాలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది యూరప్‌వాళ్లు, కాబట్టి బంధువులుగా వచ్చేదీ యూరప్‌వాళ్లే. ఆసియా నుంచి మొదట ఐదు వేల మంది వస్తారేమో, తర్వాత దాదాపు ఆగిపోతుందని అప్పటి అటార్నీ జనరల్ రాబర్ట్ కెన్నెడీ 1964లోనే సభాసంఘానికి చెప్పారు.

ఈ లెక్క తప్పింది. పశ్చిమ యూరప్ అప్పటికి యుద్ధం నుంచి కోలుకుని సంపన్నమైంది, అక్కడివాళ్లకు రావలసిన అవసరం తగ్గింది. తూర్పు యూరప్‌వాళ్లను వాళ్ల ప్రభుత్వాలే కదలనివ్వలేదు. ఖాళీగా మిగిలిన చోటుకు ఆసియావాళ్లు నిపుణుల కోటాలో వచ్చారు. చట్టం వచ్చిన ఏడాదే వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌కు ఆమోదం దొరికింది, మరుసటి ఏడాది అది అమల్లోకి వచ్చింది. దాంతో ఆసుపత్రులకు డాక్టర్లు చాలక కొరత ఏర్పడింది. విశాఖ, గుంటూరు, హైదరాబాదు వైద్య కళాశాలల్లో ప్రభుత్వ ఖర్చుతో చదివినవాళ్లకు దారి అలా పడింది. వచ్చిన డాక్టరు ఐదేళ్లకు పౌరుడయ్యాడు. తల్లిదండ్రులను పరిమితి లేకుండా పిలిపించుకున్నాడు. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు దరఖాస్తు పెట్టాడు. వాళ్లు వచ్చి తమవాళ్లకు పెట్టారు. యూరప్ కోసం బిగించిన బంధుత్వపు మీట ఆసియాకు పనిచేసింది. 1960లో అమెరికాలో ఇండియాలో పుట్టినవాళ్లు పన్నెండు వేల మంది. ఇప్పుడు 28 లక్షలు దాటారు. 1970లో అమెరికా జనాభాలో విదేశాల్లో పుట్టినవాళ్లు ఐదు శాతం లోపు. 2023 నాటికి పద్నాలుగు శాతం పైన.

మెక్సికో విషయంలో ఫలితం దీనికి తలకిందులు. పొరుగు దేశాల నుంచి వచ్చేవాళ్లకు అంతకుముందు సంఖ్యా పరిమితే లేదు. ఈ చట్టం మొదటిసారి 1,20,000 హద్దు పెట్టింది. పొలం పనులకు మెక్సికన్లను తాత్కాలికంగా రప్పించే పథకం 1964 చివరికే ముగిసింది. 1976లో ఆ దేశానికీ 20,000 పరిమితి వర్తింపజేశారు. పొలాల్లో పని మాత్రం తగ్గలేదు. దారి మూసుకుపోయాక అదే మనుషులు అదే పనికి అనుమతి లేకుండా వచ్చారు. ఇవాళ సరిహద్దు గురించి జరిగే గొడవకు బీజం ఇక్కడ కూడా ఉంది.

ఇక మన వరుస సంగతి. 1990లో చట్టాన్ని సవరించారు. ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి 1,40,000 అన్నారు. ఏ దేశానికీ 7 శాతం మించకూడదన్నారు. స్థూలంగా 9,800. భార్యాపిల్లలు కూడా ఇందులోనే లెక్క. అదే చట్టం హెచ్-1బి (నిపుణులకిచ్చే తాత్కాలిక పని అనుమతి) వీసాను తెచ్చింది. దానికి మొత్తం మీద పరిమితి ఉంది గానీ దేశానికింత అని లేదు. ఏటా మంజూరయ్యే హెచ్-1బిలలో డెబ్బై శాతానికి పైగా భారతీయులవే. లోపలికి వచ్చే ద్వారం దగ్గర దేశం చూడరు. స్థిరపడే ద్వారం దగ్గర చూస్తారు. చిక్కంతా ఈ రెంటి మధ్యనే పేరుకుంది.

ఇక్కడ చూసేది పాస్‌పోర్టును కాదు, పుట్టిన దేశాన్ని. కువైట్‌లో పుట్టిన తెలుగు పిల్లవాడు భారత పౌరుడే అయినా కువైట్ వరుసలో నిలబడతాడు. భార్య లేదా భర్త వేరే దేశంలో పుట్టి ఉంటే ఆ దేశం వరుసను వాడుకోవచ్చు. మరో బాధ పిల్లలది. తల్లిదండ్రుల వంతు వచ్చేలోపు ఇరవై ఒకటో ఏడు నిండితే చాలావరకు ఆ దరఖాస్తు నుంచి జారిపోతారు.

నియమం అన్యాయమా? 1965లో అది న్యాయమే. వందను ఇరవై వేలు చేసిన నియమం అది. కానీ ఐస్‌లాండుకూ ఇండియాకూ ఒకే హద్దు పెట్టినప్పుడు సమానత్వం దేశాల మధ్య ఉంటుంది, మనుషుల మధ్య ఉండదు. హద్దు ఎత్తేస్తే కొన్నేళ్లపాటు దాదాపు అన్ని కార్డులూ భారతీయులకే పోయి మిగతా దేశాలవాళ్లు ఆగిపోతారన్నది అవతలి వాదన. అదీ కొట్టిపారేయదగ్గది కాదు. నా దృష్టిలో అసలు లోపం 1990 నుంచి మారని 1,40,000 దగ్గర ఉంది. దాన్ని పెంచకుండా హద్దు తీసేస్తే వరుసలో మనుషులు మారతారు, వరుస అలాగే ఉంటుంది.

ఉద్యోగ గ్రీన్‌కార్డులకు దేశ పరిమితి ఎత్తేసే బిల్లును ప్రతినిధుల సభ 2019 జూలైలో 365–65 ఓట్లతో ఆమోదించింది. సెనేట్ 2020 డిసెంబరులో వేరే రూపంలో ఆమోదించింది. రెండింటినీ కలిపేలోగా సభ కాలం ముగిసి బిల్లు రద్దయింది. 7 శాతం నియమమే ఇప్పటికీ అమల్లో ఉంది.