దుర్భిణి కొంటున్నారా? పిల్లల కళ్లకు సరిపోతుందో లేదో చూడండి

కిందటి చలికాలంలో విష్ణుపురి జలాశయం ఒడ్డున మా పిల్లలు ఓ నీలిరంగు పిట్టను చూసి ‘ఖండ్యా’ అన్నారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, ఆ పేరు మాత్రం వీధిలో నేర్చిన మరాఠీది. దుర్భిణి చేతికిచ్చి, పొడవాటి ముక్కు చూపించి ‘లకుముకి పిట్ట’ అని చెప్పాం. పాఠంలో చదివిన పేరే అయినా, పిట్టతో జత కలిసింది ఆ రోజే.

ఆ దుర్భిణి ఇప్పుడు పనికిరాదు. వానాకాలమంతా తోలు సంచిలో పెట్టి బీరువాకు తాళం వేశాం. అద్దాల లోపల బూజు పట్టింది. తప్పు మాదే. తల్లిదండ్రుల చందాతో మరొకటి కొనేముందు తెలుసుకున్న సంగతులు మీతోనూ పంచుకుంటున్నాం.

దుర్భిణి మీద 8×32 అని ఉంటే, 8 రెట్లు దగ్గరగా చూపిస్తుందని, ముందరి అద్దం వెడల్పు 32 మిల్లీమీటర్లని అర్థం. 8×42 అయితే సందెవేళ మరింత వెలుగు అందుతుంది, కానీ బరువెక్కువ. 10 రెట్లు, 20 రెట్లు అంటే ఆశపడొద్దు. చెయ్యి వణికితే బొమ్మా అంతే వణుకుతుంది. పిల్లల కళ్ల మధ్య దూరం తక్కువ. రెండు గొట్టాలూ తగినంత దగ్గరికి వస్తాయో లేదో పిల్లల చేతికిచ్చే చూడాలి. కళ్లద్దాలున్నవారు కంటి దగ్గరి రబ్బరు అంచును కిందికి దించుకుని చూడాలి.

అద్దాన్ని చొక్కా కొంగుతో తుడవకండి. దుమ్ము రేణువులే గీతలు పెడతాయి. ముందు గాలి బుడ్డితోనో మెత్తని బ్రష్‌తోనో దుమ్ము పోగొట్టి, ఆ తర్వాతే లెన్సు గుడ్డ వాడాలి. తడిసినదాన్ని ఆరనివ్వకుండా సంచిలో పెట్టొద్దు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, వారానికోసారి బయటికి తీసి వాడండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది: దుర్భిణితో సూర్యుణ్ణి చూడనే కూడదు. క్షణంలో చూపు పోవచ్చు. ఒడ్డుకు వెళ్లేముందే ఈ మాట పిల్లలచేత చెప్పించండి. మెడలో తాడు వేసుకున్నాకే చేతికివ్వండి.

నవంబరు 12 పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ పుట్టినరోజు. 1930ల తొలినాళ్లలో ఆయన హైదరాబాద్ సంస్థానంలోని పక్షులను సర్వే చేశారు. అప్పుడు మన నాందేడ్ ఆ సంస్థానంలోని జిల్లాయే. ఆ రోజుకు ప్రతి బడిలో ఒక్క దుర్భిణి ఉన్నా చాలు. నీటికాకి, బుడబుంగ, కొంగ... ఒక్కో పేరూ పుస్తకం దాటి పిల్లల నోట నిలుస్తుంది.