తెలియని పట్టికలో చేయి పెట్టరాదు

మన సంఘసభ్యులలో అనేకులు నేడు కూరగాయలను, పాలను విజయవాడకు చేర్చుటకు సొంత కార్లను, చిన్న వ్యానులను వాడుచున్నారు. ఈ బండ్లలో ఏ క్షణమున ఎంత డీజిలు సిలిండరులోనికి చిమ్మవలెనో నిర్ణయించునది ఒక చిన్న కంప్యూటరు. దానిలోని లెక్కలను మార్చి బండికి బలము హెచ్చించెదమని చెప్పు పనివారు పలుచోట్ల కలరు. ఈ పని ఎట్టిదో, ఇందు మేలెంతయో, కీడెక్కడనో సభ్యులకు తెలియజెప్పుట అవసరమని తలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

గుణదల వాస్తవ్యుడగు ఒక సభ్యుడు కొన్ని మాసముల క్రిందట తన డీజిలు కారును ఒక షెడ్డునకు తోలుకొనిపోవుచు మమ్ముకూడ వెంటబెట్టుకొనెను. "సరకు వేసి వంతెన ఎక్కించునప్పుడు బండి మూల్గుచున్నదండీ," అని ఆయన బాధ. షెడ్డులోని యువకుడు "బలము పెంచి యిచ్చెదను బాబాయిగారూ," అని ధైర్యము చెప్పెను. తన ల్యాప్‌టాపునకు కారు కంప్యూటరును తగిలించి, అందలి లెక్కల నన్నిటిని చదివి, మొదట ఒక ప్రతి తీసి భద్రపరచెను. తెరమీద వేలకొలది అంకెలు కనబడెను గాని ఒక్కదానికైనను పేరు లేదు. కాలువలో నాటిన గేజి పలకపై అంకెలుండి, అవి అడుగులో అంగుళములో వ్రాయకున్నచో చూచువాని కెట్లుండునో మాకును అట్లే ఉండెను.

కంప్యూటరు చేసినవారియొద్ద ఏ పట్టిక ఎచ్చట నున్నదో తెలుపు వివరము లుండును. అవి సామాన్యముగా బయటివారి చేతికి రావు. కావున పనివాడు కొన్ని గుర్తులనుబట్టి పోల్చుకొనవలెను.

మొదటి గుర్తు క్రమము. 1000, 1250, 1500, 2000 అని పెరుగుచు పోవు వరుస కనబడినచో అది ఇంజను నిమిషమునకు తిరుగు చుట్ల సంఖ్య కావచ్చును. తరచుగా ఒక్కొక్క సంఖ్య రెండు గడులలో ఉండును. 3, 232 అను గడులను తీసికొందము. మొదటిదానిని 256చే గుణించి రెండవదానిని కలిపినచో 1000 వచ్చును. తారుమారుగా చదివినచో 59,395 వచ్చును. ఏ కారు ఇంజనును నిమిషమునకు అన్ని చుట్లు తిరుగదు. కావున ఏ దిక్కునుండి చదువవలెనో తేలినది.

రెండవ గుర్తు కొలత. లోపాలు వెదకు స్కానరునకు కార్ల కంప్యూటర్లు ఇచ్చు జవాబులకు ఒక ప్రమాణము కలదు. చుట్ల సంఖ్యకై రెండు గడులను పైవిధముగా కలిపి 4చే భాగింపవలెను. 31, 64 వచ్చినచో మొత్తము 8000. భాగింపగా 2000 చుట్లు. ఇంజను నీటివేడికై వచ్చిన అంకెనుండి 40 తీసివేయవలెను. 120 వచ్చినచో 80 డిగ్రీలు. లోపలి పట్టికలలో వేరు కొలత ఉండవచ్చును. తెలిసిన ఈ కొలతతో పోల్చియే దానిని కనుగొనవలెను.

మూడవ గుర్తు ఆకారము. నీటివేడిని కొలుచు సాధనములో వేడి పెరిగినకొలది విద్యుత్తునకు అడ్డు తగ్గును. కావున దాని పట్టికను గీతగా గీచినచో క్రిందికి దిగు వంపు కనబడును.

ఈ గుర్తులు ఊహకు చాలును గాని రుజువునకు చాలవు. మన యువకుడు ఊహతోనే ముందునకు పోయెను. పెడలు త్రొక్కినకొలది ఎంత డీజిలు కోరవలెనో తెలుపు పట్టికను పోల్చి, దాని అంకెలు పెంచెను. బండి నడకలో మార్పేమియు లేదు. పిమ్మట దానివలెనే కనబడిన మరియొక పట్టికను పెంచెను. రోడ్డెక్కగానే వెనుక నల్లని పొగ క్రమ్మెను.

"అబ్బాయీ, ఆ రెండవ పట్టిక ఏమిటి?" అని అడిగితిమి.

"తెలియదండీ. డీజిలుదే అనుకొంటిని," అనెను.

అది పొగను అదుపుచేయు పట్టిక. డీజిలు కంప్యూటరు పెడలు కోరినంత ఇయ్యదు. పెడలు 50 పాళ్లు కోరి, ఇంజను బలపు హద్దు 46, లోనికి వచ్చిన గాలినిబట్టి పొగ హద్దు 42 అయినచో, అన్నిటికంటె తక్కువదగు 42 మాత్రమే ఇచ్చును. మొదటి మార్పు ఫలింపకపోవుటకు ఇదియే కారణము. ఆ హద్దు తీసివేసినచో గాలి చాలక డీజిలు మసియగును. వేడి పెరిగి టర్బోకును పిస్టనుకును చేటు కలుగును.

భద్రపరచిన ప్రతిని తిరిగి ఎక్కించిరి. ఆ పొగ హద్దు అంత తక్కువగా ఏల పనిచేయుచున్నదని విచారింపగా, లోనికి వచ్చు గాలియే తక్కువని స్కానరు చూపెను. ఎయిరు ఫిల్టరు విప్పిచూడగా నూర్పిళ్ల పొట్టుతోను ధూళితోను మూసికొనియుండెను. క్రొత్తది వేయగా బండి వంతెనను సులువుగా ఎక్కెను. పట్టిక తప్పు చెప్పలేదు. దాని మాట మన కర్థము కాలేదు.

పట్టికను మార్చకయే చదువుటవలన ఎంత తెలియునో మరియొక దృష్టాంతము గలదు. ఫోక్స్‌వ్యాగను కార్ల పొగపరీక్షలలోని మోసమును 2015 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వము బయటపెట్టెను. ఆ డిసెంబరులో జర్మనీలోని హాంబర్గు నగరమున ఫెలిక్స్ డోమ్కే అను పరిశోధకుడు, ఆ సంస్థ కారు కంప్యూటరులోని కొన్ని వంపులను కాలదూరముల లెక్కగా గీచి చూపెను. అవి ప్రభుత్వపు పరీక్షలో కారు నడచు తీరుతో సరిపోయెను. పరీక్షను కారు ఎట్లు గుర్తించుచుండెనో దానివలన తేలెను.

సభ్యులు గమనింపవలసిన మాటలు కొన్ని కలవు. తయారీదారు వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను సామాన్యముగా నిషేధించుచున్నది. వారంటీయు పోవచ్చును. బలము తగ్గినదని తోచినచో మొదట ఫిల్టరును, గొట్టములను, టైర్ల గాలిని చూడుడు. కంప్యూటరు ముట్టు పనివానిని "అసలు ప్రతి తీసితివా? ఈ పట్టిక దేనిదో ఎట్లు రుజువు చేసితివి?" అని అడుగుడు. జవాబు రానిచో బండిని మరల్చుకొని రండు.

ప్రదర్శన క్షేత్రములో మేము ఒక మడికి ఎరువు మార్చి ప్రక్కమడిని యథాతథముగా ఉంతుము. ఏ మార్పునకు ఏ ఫలమో వ్రాసికొందుము. ఒకేసారి అన్నియు మార్చినవానికి పంట వచ్చినను కారణము తెలియదు, పోయినను తెలియదు. ఇంజను విషయమునను ఇదియే నీతి.