గాలానికి అవతలి వైపు

మృగశిర కార్తె దాటి రెండు పెద్ద వానలు పడి చెరువు మత్తడి దూకిందంటే చాలు, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పక్క ఊళ్లలో ఆదివారం పూట కట్టల మీద గాలాలు లేస్తాయి. సిరిసిల్ల వాళ్లు నర్మాల దగ్గరి ఎగువ మానేరుకో, మూలవాగు వచ్చి కలిసే మాన్వాడ దగ్గరి మధ్య మానేరుకో పోతారు. కోరుట్ల వాళ్లకు కాకతీయ కాలువ, వరద కాలువ ఉన్నాయి. జగిత్యాల వాళ్లకు ధర్మపురి గోదావరి ఉంది. ఇవేవీ కుదరకపోతే ఊరి కుంట ఎటూ ఉంది. సరంజామా కూడా పెద్దగా అక్కర్లేదు. వెదురు కర్ర, నైలాన్ దారం, గాలపు ముల్లు, బెండు, తడి మట్టిలో తవ్విన గుప్పెడు ఎర్రలు ఉంటే సరిపోతుంది.

ఒకే గట్టున ఒకే ఎరతో కూచున్న ఇద్దరిలో ఒకరి సంచి నిండుతుంది, మరొకరు ఉత్త చేతులతో ఇల్లు చేరతారు. 'వాడి చెయ్యి మంచిది' అనుకుని ఊరుకుంటాం. చెయ్యి మాట ఎలా ఉన్నా, తాను చేపకు ఎలా వినిపిస్తాడో, ఎలా కనిపిస్తాడో ఆ మొదటివాడికి అనుభవం నేర్పి ఉంటుంది.

ముందు చప్పుడు సంగతి. "అడుగుల సప్పుడు చేయకురా, చేప ఇంటది" అని పెద్దవాళ్లు కసురుతుంటారు. చేపకు బయటికి కనిపించే చెవులు లేవు, కానీ తల లోపల ఉన్నాయి. రవ్వ, బొచ్చె, జెల్ల, వాలుగ వంటి చేపల్లో ఇంకో ఏర్పాటు కూడా ఉంది. పొట్టలోని గాలితిత్తి నుంచి లోపలి చెవి దాకా చిన్న చిన్న ఎముకల వరుస ఒకటి సాగుతుంది. నీటిలో వచ్చిన కంపనానికి గాలితిత్తి అదురుతుంది, ఆ అదురును ఎముకలు చెవికి చేరవేస్తాయి. జర్మన్ శాస్త్రవేత్త వెబర్ 1820లో దీన్ని వర్ణించాడు కాబట్టి వాటికి ఆయన పేరే పెట్టారు. నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లు ఎక్కువ వేగం.

పెద్దవాళ్లు 'మాట్లాడకు' అని కూడా అంటారు గానీ, అది అంత అవసరం లేదు. గాలిలో పుట్టిన శబ్దం నీటి పైతలాన్ని తాకి దాదాపు అంతా వెనక్కే తిరిగిపోతుంది. లోపలికి దిగే శక్తి వెయ్యో వంతు మాత్రమే. గట్టు మీద ధనధన నడిస్తే మాత్రం ఆ అదురు మట్టి గుండా నేరుగా నీళ్లలోకి పోతుంది. కబుర్లు చెప్పుకోండి, పచార్లు చేయకండి.

ఇక చూపు. నీటి అడుగు నుంచి పైకి చూసే చేపకు బయటి లోకమంతా తల మీద ఒక గుండ్రటి కిటికీలో ఇమిడి కనిపిస్తుంది. గాలి నుంచి నీటిలోకి దిగే వెలుగు వంగడమే దీనికి కారణం. మీటరు లోతున ఉన్న చేపకు ఆ కిటికీ అడ్డంగా రెండుంబావు మీటర్లకు కాస్త ఎక్కువ. దాని అవతల నీటి పైతలం అద్దమైపోయి అడుగునున్న మట్టినే చూపిస్తుంది. గట్టు మీద నిలువుగా నిలబడ్డ మనిషి కిటికీలో బాగానే పడతాడు. కాస్త వెనక్కి జరిగి గొంతుక్కూచున్నవాడు కిటికీ అంచున నొక్కుకుపోయి, ఉన్నాడో లేడో తెలియనంత చిన్నగా ఉంటాడు. ముసలివాళ్లు గట్టున గంటల తరబడి గొంతుక్కూచోవడంలో ఓపికతో పాటు ఈ లెక్క కూడా ఉంది.

బురద నీళ్లలో చూపు పనిచేయదు. అక్కడ జెల్లదీ వాలుగదీ రాజ్యం. రుచి చూసే మొగ్గలు వాటి నోట్లోనే కాదు, మీసాల మీదా ఉంటాయి. అందుకే కొత్తనీరు వచ్చి చెరువు ఎర్రబారిన రోజున వాటికి ఎర్రలే మంచి ఎర.

మబ్బు ముసురు పట్టిన తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆకలితో ఉన్నాయనుకుని గాలం వేసేవాళ్లున్నారు. అది ఆకలి కాదు, ఊపిరి ఆడకపోవడం. పచ్చటి నాచు పగలు ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రంతా అదే తాను పీల్చుకుంటుంది. మబ్బు రోజున ఇచ్చేదీ తక్కువే కాబట్టి తెల్లారేసరికి నీళ్లలో నిల్వ అడుగంటుతుంది. పైగా వేడెక్కిన కొద్దీ నీరు గాలిని తక్కువ పట్టుకుంటుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇమిడితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. ఉక్కిరిబిక్కిరవుతున్న రవ్వ ఎర వైపు చూడదు. ఎండ పొడ తగిలేదాకా ఆగడం మేలు.

ఈ బాధ అంతగా లేనిది కొర్రమీను. తెలంగాణ 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. మనవైపు కొర్రమట్ట అన్నా ఇదే. దీని మొప్పల పైన ఒక గది ఉంది. నెత్తురు నిండిన మడతల పొర దాని గోడ. చేప పైకి వచ్చి గుటకేసిన గాలి అక్కడికే పోతుంది. మొప్పలు ఒక్కటే దీనికి చాలవు, పైకి రానీయకుండా నీళ్లలోనే ఆపేస్తే చచ్చిపోతుంది. అంగట్లో తడి గోనె మీద గంటల తరబడి కొట్టుకుంటూ ఉండేదీ, సజీవంగా అమ్ముడై మంచి ధర పలికేదీ అందుకే. వెబర్ ఎముకలు దీనికి లేవు. చూపుతో, ఒంటి పక్కన పొడవునా ఉన్న పార్శ్వరేఖతో వేటాడుతుంది. నీటి కదలికను పసిగట్టే అంగం అది. తామరాకుల సందున గాలానికి గుచ్చిన కప్పను నీటి మీద ఆడిస్తూ లాగితే కొర్రమీను ఎగిరిపడేది ఆ అలజడికే.

వానాకాలంలో మగా ఆడా కలిసి గడ్డీ గాదం తొలగించి గుండ్రటి చోటు చేసుకుంటాయి. గుడ్లలో నూనె బొట్టు ఉండటంతో అవి పైకి తేలతాయి. వెచ్చటి నీటిలో ఒకటి రెండు రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. కొంచెం ఎదిగాక వందల కొద్దీ గుంపు కట్టి తిరుగుతుంటే నీటి మీద మిరప్పొడి చల్లినట్టు ఎర్రగా కనిపిస్తుంది. తల్లిదండ్రులు కిందే కాపలా ఉంటాయి, దగ్గరికి వచ్చిన దేన్నైనా కరుస్తాయి. ఈ గుణం తెలిసినవాళ్లు సరిగ్గా ఆ ఎర్ర మచ్చ మీదే గాలం వేస్తారు. ఆకలి లేకపోయినా చేప కరుస్తుంది, పడుతుంది. దాన్ని వేట అనడానికి నాకు నోరు రాదు. కాపలా పోయిన గుంపును మిగతా చేపలు మింగేస్తాయి. కట్టకు వచ్చింది ఒక్క చేపే, పోయింది వచ్చే ఏటి పంట.

పోయేముందు రెండు మాటలు. ఊరి చెరువులో చేపల హక్కు సాధారణంగా మత్స్యకారుల సొసైటీది. రవ్వ, బొచ్చె పిల్లలను వదిలి పెంచుకునేది వాళ్లే కాబట్టి గాలం వేసేముందు అడగండి. మధ్య మానేరు దిగువన గేట్లు ఎత్తడం లేదని తెలుసుకున్నాకే వాగులోకి దిగండి, కాలువల సిమెంటు వాలు మీద నాచుంటే అసలు దిగకండి. నీటి మీద ఎర్ర మచ్చ కనపడితే ఇంకో పక్కకు జరిగి జెల్ల కోసం ఎర్ర గుచ్చుకోండి.