వికలాంగుల పింఛను – వయస్సు – పునఃపరీక్ష

అంగవైకల్యము గలవారికి సర్కారు ఇచ్చు సహాయము ఒకమారు మంజూరైన పిమ్మట జీవితాంతము సాగునా, లేక వయస్సు పెరిగినకొలది మరల మరల పరీక్షింతురా? ఈ ప్రశ్న మన ఇండ్లలో తరచు వినబడుచుండును. కాగితములన్నియు మరాఠీలో నుండుటచే మన తెలుగు కుటుంబములకు దీని జవాబు సులభముగా దొరకదు. కావున మాకు తెలిసినంతవరకు ఇచ్చట వివరించుచున్నాము.

మొట్టమొదట గ్రహింపవలసినది ఒకటి గలదు. వైకల్యమునకు పరీక్ష వేరు, పింఛనునకు తనిఖీ వేరు. మొదటిది ఆసుపత్రిలో వైద్యులు చేయుదురు. రెండవది తహసీలు కార్యాలయమువారు చేయుదురు. ఈ రెంటిని ఒకటిగా భావించుటచేతనే చాలమంది చిక్కులలో పడుచున్నారు.

వైద్యపరీక్ష సంగతి ముందు చూతము. 2016 సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. దానిక్రింద 2017లో ఏర్పడిన నియమముల ప్రకారము, వైకల్యము మారు అవకాశము లేనిచో శాశ్వత ధ్రువపత్రము నిత్తురు. మారు అవకాశమున్నచో గడువు వ్రాసి తాత్కాలిక పత్రము నిత్తురు. తెగిపోయిన కాలు మరల మొలవదు గనుక దానికి శాశ్వత పత్రమే. పెరుగుచున్న పిల్లల విషయము అట్లు కాదు. బుద్ధిమాంద్యముగల బిడ్డకు 5, 10, 18 ఏండ్ల వయస్సులలో పత్రమును నూతనపరచుకొనవలయునని 2018లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన మార్గదర్శక సూత్రములు చెప్పినవి. చదువుట, వ్రాయుట, లెక్కించుట – వీనిలో మాత్రమే లోపముగల పిల్లలకు 8 ఏండ్లు నిండిన తరువాతనే మొదటి పత్రము. పిదప 14వ ఏట ఒకమారు, 18వ ఏట ఒకమారు పరీక్ష. ఈ రెండు తెగలవారికిని 18వ ఏట ఇచ్చిన పత్రము జీవితాంతము చెల్లును.

అనగా వైద్యపరీక్షలు బాల్యములోనే దట్టముగా వచ్చి, యౌవనారంభమున ఆగిపోవును. ఇది న్యాయముగనే యున్నది. కాని 14వ ఏటి పరీక్షను తల్లిదండ్రులు మరచుట కద్దు. ఆ వయస్సునకు పిల్లవాడు ఎనిమిదవ తరగతిలోనో, తొమ్మిదవ తరగతిలోనో ఉండును. పత్రము గడువు తీరినచో పదవ తరగతి పరీక్షలో లభింపవలసిన అదనపు సమయము మొదలైన సౌకర్యములకు అడ్డంకి కలుగును. పరీక్ష దరఖాస్తు నింపునాడు ఆసుపత్రికి పరుగెత్తిన లాభము లేదు. ఏడాది ముందే పత్రము తీసి దానిపై నున్న తేదీని చూచుకొనవలెను.

ఇక పింఛను. మహారాష్ట్రలో 1980 నుండి సంజయ్ గాంధీ నిరాధార్ అనుదాన్ యోజన సాగుచున్నది. ఇది 65 ఏండ్ల లోపువారికి. 40 శాతము, అంతకు మించిన వైకల్యముగల పేదలు దీనికి అర్హులు. 65 నిండినవారికి శ్రావణబాళ్ యోజన గలదు. 2023లో ఈ సహాయము నెలకు 1500 రూపాయలైనది. 2025 అక్టోబరు నుండి రెండు యోజనలలోను వికలాంగులకు మాత్రము దానిని 2500 రూపాయలకు పెంచిరి.

ఇచ్చట వృద్ధులు గమనింపవలసిన విషయమున్నది. "ముసలితనపు పింఛనులోనికి మారితిమి గదా, ఇంక వైకల్యపు పత్రమెందుకు?" అని కొందరనుకొందురు. శ్రావణబాళ్‌లో సామాన్య వృద్ధునకు 1500, వికలాంగుడైన వృద్ధునకు 2500. ఆ వేయి రూపాయల భేదమునకు ఆధారము ఆ పత్రమే! కేంద్రప్రభుత్వపు ఇందిరాగాంధీ వికలాంగ పింఛనులోను ఇట్టి మలుపు గలదు. 80 శాతము వైకల్యముగల నిరుపేదలకు 18 మొదలు 79 ఏండ్లవరకు నెలకు 300 రూపాయలు కేంద్రము వాటా. 80వ ఏట వారు వృద్ధాప్య పింఛనులో చేరగా ఆ వాటా 500 అగును.

వయస్సుతో తగ్గని తనిఖీ ఒకటే: ఏటేటా సమర్పింపవలసిన "హయాతీ దాఖలా", అనగా బ్రతికియున్నట్లు రుజువు. ఇరువదేండ్లవానికిని అదే, ఎనుబదేండ్లవానికిని అదే. చనిపోయినవారి పేర సొమ్ము పోకుండుటకు ఇది అవసరమే యని ఒప్పుకొందము. అయినను కాలు కదపలేని వృద్ధుని ఏటేటా ఆటోలో ఎక్కించి కచేరీకి తెమ్మనుట కంటె, కచేరీవారే అతని గడపకు వచ్చుట మేలని మా అభిప్రాయము. వైద్యపరీక్ష వయస్సుతో తగ్గుచుండగా ఈ శ్రమ మాత్రము వయస్సుతో బరువెక్కుచున్నది.

ఇతర దేశములలో ఎట్లున్నది? అమెరికాలో కోలుకొందురను ఆశయున్నవారిని 6 మొదలు 18 నెలలలోపున, ఆశ లేనివారిని 5 మొదలు 7 ఏండ్లకొకమారు పరీక్షింతురు. విశ్రాంతి వయస్సు రాగానే వైకల్యపు భృతి వృద్ధాప్య భృతిగా మారును. బ్రిటనులో వృద్ధులలో పెక్కుమందికి పదేండ్లకొకమారు స్వల్పముగా విచారించుటతో సరిపెట్టుదురు.

శాశ్వత పత్రమున్నంత మాత్రమున ఎన్నడును పిలువరని కూడ ధైర్యము చెప్పలేము. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వికలాంగుల పింఛను పొందువారిని మరల వైద్యులచే పరీక్షింపజేసినది. వైకల్యము 40 శాతమునకు తక్కువయని తేలినవారికి నోటీసులు వచ్చినవి. అప్పీలు చేసికొను అవకాశమును ఇచ్చిరి. అట్టి సమయమున పాత వైద్యపు చీట్లు, ఎక్స్‌రేలు అక్కరకు వచ్చును.

ధర్మాబాదు, బిలోలి, దెగ్లూరు, కిన్వట్ వైపు కుటుంబములకు నిజామాబాదు, నిర్మల్, ఆదిలాబాదులలో బంధువులుందురు. అచ్చట 2023 నుండి ఆసరా యోజనలో వికలాంగులకు 4016 రూపాయలు. ఇది విని సరిహద్దు దాటి ఆశపడువారున్నారు. కాని పింఛను ఏ రాష్ట్రమున నివాసమో ఆ రాష్ట్రమే ఇచ్చును. రెండుచోట్ల పొందుట తగదు. వైకల్యపు గుర్తింపు కార్డు మాత్రము దేశమంతట చెల్లును. పెండ్లియై తెలంగాణకు పోవు ఆడబిడ్డ ఆ కార్డును వెంట తీసికొనిపోవచ్చును. పింఛనునకు అచ్చట క్రొత్తగా దరఖాస్తు పెట్టుకొనవలసి యుండును.