పొగ ఒక్కటే చూస్తే సరిపోదు

మన దగ్గర పెట్రోలు బంకు పక్కన ఇచ్చే పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం సైలెన్సర్‌లోకి చిన్న గొట్టం దూర్చి పొగను కొలుస్తారు. కాలిఫోర్నియాలో రెండేళ్లకోసారి జరిగే స్మాగ్ చెక్ వేరు. 2000 మోడల్ నుంచి వచ్చిన పెట్రోలు కార్లకు అక్కడ సైలెన్సర్ దగ్గర మీటరే పెట్టరు. బానెట్ ఎత్తి పార్టులు చూస్తారు, స్టీరింగ్ కింది పోర్టుకు వైరు తగిలించి కారు కంప్యూటర్‌లోని సమాచారం చదువుతారు. స్పోర్ట్స్ కారుకు కొత్త ఇన్‌టేకో ఎగ్జాస్టో బిగించి, ట్యూనింగ్ చేయించుకున్నవాళ్లకు చిక్కు ఇక్కడే. ‘నా బండి పొగ శుభ్రంగానే ఉందిగా, అనుమతి నంబరు లేని పార్టు ఉందని ఫెయిల్ చేయడమేమిటి?’ అని వాళ్లు అడుగుతారు. ప్రశ్న సబబే. కానీ పరీక్ష ఇలా ఉండడమే న్యాయమని నా వాదన.

లాస్ ఏంజెలెస్‌ను కమ్మేసే పొగమంచుకు మూలం వాహనాలు, రిఫైనరీలు వదిలే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లేనని, ఎండ తగిలి అవి ఓజోన్‌గా మారుతున్నాయని 1950ల మొదట్లో కాల్టెక్ శాస్త్రవేత్త హాగెన్-స్మిట్ తేల్చారు. ఇవి చాలావరకు కంటికి కనిపించవు. వీటిని అణిచే కాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయాలంటే ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి, బరువు లెక్కన, అందుతూ ఉండాలి. పవర్ కోసం ట్యూనర్ పెట్రోలు పాలు పెంచితే ఆ లెక్క తప్పుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. పైగా కన్వర్టర్ బాగా వేడెక్కితే తప్ప పని మొదలుపెట్టదు. పొడవాటి హెడర్లు (ఇంజన్ నుంచి పొగను తీసుకెళ్లే గొట్టాలు) బిగించి దాన్ని ఇంజన్‌కు దూరంగా జరిపితే వేడెక్కడం ఆలస్యమై, పొద్దున స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లోని విషమంతా బయటికి పోతుంది. వేడి ఇంజన్‌తో స్టేషన్‌కు వచ్చిన కారు పొగ కొలిస్తే ఇది తెలియదు.

పొగను మాత్రమే నమ్మితే ఏమవుతుందో 2015లో ఫోక్స్‌వ్యాగన్ వ్యవహారం చూపింది. పరీక్ష జరుగుతోందని గుర్తుపట్టి అప్పటికి మాత్రం బుద్ధిగా నడిచే సాఫ్ట్‌వేర్‌ను ఆ కంపెనీ డీజిల్ కార్లలో పెట్టింది. రోడ్డు మీద నైట్రోజన్ ఆక్సైడ్లు కొన్ని కార్లలో పరిమితికి 40 రెట్ల దాకా వెలువడ్డాయి. 2021 జూలై 19 నుంచి కాలిఫోర్నియా, స్మాగ్ చెక్‌లో కారు సాఫ్ట్‌వేర్‌ను కూడా పరిశీలిస్తోంది. అది తయారీదారుదో, అనుమతి పొందినదో కాకపోతే ఫెయిలే. మళ్లీ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎక్కించి తీసుకురావాలి. ముందురోజు ఎర్రర్ కోడ్‌లు చెరిపేసి వెళ్లడం కూడా ఫలించదు. జ్వరం మాత్ర వేసుకుని థర్మామీటర్ పెట్టించుకోవడం లాంటిదే అది. కోడ్ చెరిపితే కంప్యూటర్ తన స్వీయపరీక్షలన్నీ మొదటి నుంచి చేసుకోవాలి. వాటిలో పెట్రోలు ఆవిరికి సంబంధించినది తప్ప మరేది మిగిలిపోయినా 2000, ఆ తర్వాతి పెట్రోలు మోడళ్లను పాస్ చేయరు.

అలాగని ఈ చట్టం వేగానికి శత్రువు కాదు. ఫలానా మోడల్ కారుకు ఫలానా పార్టు వాడితే కాలుష్యం పెరగదని రుజువైతే రాష్ట్ర వాయు వనరుల బోర్డు దానికి ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఇస్తుంది. కొనేముందు ఆ నంబరు తన కారు మోడల్‌కే వర్తిస్తుందో లేదో చూసుకున్నవాడికి పరీక్షలో ఆ పార్టుతో పేచీ ఉండదు. ఇంజన్ మొత్తం మార్చుకోవడానికీ దారి ఉంది: కొత్తగా పెట్టే ఇంజన్ కారు మోడల్ సంవత్సరానిదో, ఆ తర్వాతిదో అయి, దాని కాలుష్య నియంత్రణ పరికరాలన్నీ వెంట రావాలి. రిఫరీ అనే ప్రత్యేక తనిఖీ కేంద్రంలో చూసి లేబుల్ అంటిస్తారు.

‘ఇలాంటి కార్లెన్ని? 1975, అంతకు ముందరి పెట్రోలు కార్లకు పరీక్షే లేదుగా?’ అనేది ఇంకో వాదన. పాత కార్ల మినహాయింపు నాకూ నచ్చదు. కానీ ఒక సడలింపు మరో సడలింపుకు హక్కు కాదు. కొద్ది బండ్లే అన్న మాటకు డీజిల్ పికప్ ట్రక్కులు జవాబు చెబుతాయి: పదేళ్లలో ఐదు లక్షలకు పైగా ట్రక్కుల్లో నియంత్రణ పరికరాలు తొలగించారని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2020లో అంచనా వేసింది. నేను ఒప్పుకునే ఫిర్యాదు ఒకటే. అనుమతి పరీక్షల ఖర్చు చిన్న తయారీదారుకు బరువు కాబట్టి, మంచి పార్టు కూడా నంబరు లేకుండా మిగిలిపోవచ్చు. దానికి మందు బోర్డు దగ్గరే ఉంది: చిన్న సంస్థలకు అనుమతిని చవకగా, త్వరగా ఇవ్వాలి. స్టేషన్‌లో మెకానిక్ కంటిచూపుతో తీర్పు చెప్పాలనడం మాత్రం ఆ ఫిర్యాదుకు పరిష్కారం కాదు.